13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు: మోల్ చెప్పే లెక్క

వాంతులు, విరేచనాలతో నీరసించిపోయిన పిల్లాడికి డాక్టరు ముందుగా రాసేది ఓఆర్‌ఎస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన పొట్లాన్ని వెనక్కి తిప్పి చదవండి. సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు. మొత్తం 20.5 గ్రాములు. దీన్ని ఒక లీటరు తాగే నీళ్లలో కలపాలి.

తూకం చూస్తే ఉప్పు కంటే గ్లూకోజు ఐదు రెట్లు ఎక్కువ. ఇదేదో చక్కెర పొడి, రుచికి కాస్త ఉప్పు వేశారు అనిపిస్తుంది. కానీ ఆ లీటరు నీళ్లలో తేలుతున్న సోడియం అయాన్లనూ గ్లూకోజు అణువులనూ లెక్కపెడితే రెండూ సమానం. అలా సమానంగా ఉండాలనే ఆ గ్రాములు అంత లెక్కగా పెట్టారు. పేగుకు గ్రాములు తెలియవు. దానికి తెలిసింది అణువుల సంఖ్య ఒక్కటే.

గ్రాములు తూచి అణువులను లెక్కపెట్టే ఈ పద్ధతినే మోల్ భావన అంటారు. పరీక్షలో రెండు మార్కుల నిర్వచనంగా బట్టీ పట్టి చాలామంది పిల్లలు దాన్ని వదిలేస్తారు. నా దృష్టిలో హైస్కూలు రసాయన శాస్త్రంలో ఇంతకంటే ముఖ్యమైన పాఠం మరొకటి లేదు. ఇది పట్టుబడితే ద్రావణాలు, సమీకరణాలు, వాయువులు అన్నీ ఒకే లెక్కలోకి వచ్చేస్తాయి. పట్టుబడకపోతే రసాయన శాస్త్రం ఇంటర్ దాకా బెదిరిస్తూనే ఉంటుంది.

తూకం వేరు, సంఖ్య వేరు

వంద తాంబూలాలు కట్టాలి. ఒక్కోదానిలో రెండు ఆకులు, ఒక అరటిపండు. అంటే రెండు వందల ఆకులు, వంద పళ్లు. పళ్ల బుట్ట మోయడానికి ఇద్దరు కావాలి, ఆకుల కట్ట ఒక చేత్తో తీసుకురావచ్చు. అయినా సంఖ్యలో ఆకులే ఎక్కువ. రసాయన చర్యలు కూడా ఇలా సంఖ్యతోనే నడుస్తాయి. ఒక సోడియం అయానుకు ఒక క్లోరైడ్ అయాను, ఒక ఆక్సిజన్ పరమాణువుకు రెండు హైడ్రోజన్ పరమాణువులు. చిక్కేమిటంటే, పరమాణువులను ఏరి లెక్కపెట్టలేం. మన దగ్గర ఉన్నది త్రాసు మాత్రమే.

కాబట్టి ఒక్కో రకం పరమాణువు మరోదానికంటే ఎన్ని రెట్లు బరువో ముందు తెలియాలి. కార్బన్‌ను 12గా పెట్టుకుంటే హైడ్రోజన్ దాదాపు 1, ఆక్సిజన్ 16, సోడియం 23, పొటాషియం 39. క్లోరిన్ దగ్గరికొచ్చేసరికి 35.5. ఈ అర ఎక్కడిది? ప్రకృతిలో దొరికే క్లోరిన్ పరమాణువుల్లో నాలుగింట మూడు వంతులు 35 బరువున్నవి, ఒక వంతు 37 బరువున్నవి. మూడు 35లు, ఒక 37 కలిపి నాలుగుతో భాగించండి. సరిగ్గా 35.5 వస్తుంది. విడిగా ఏ క్లోరిన్ పరమాణువూ 35.5 ఉండదు, అది సగటు.

ఈ బరువుల మీద కూడా ఒకప్పుడు పెద్ద గందరగోళం ఉండేది. నీటిలో హైడ్రోజన్ ఒకటా రెండా, ఆక్సిజన్ బరువు 8 అనాలా 16 అనాలా అన్నదానిపై రసాయన శాస్త్రవేత్తలకే ఏకాభిప్రాయం లేదు. 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూహెలో వాళ్లంతా సమావేశమయ్యారు. అక్కడ ఇటలీకి చెందిన కానిజారో తన దేశస్థుడు అవగాడ్రో మాటను మళ్లీ ముందుకు తెచ్చాడు. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర సమాన ఘనపరిమాణం గల వాయువులన్నింటిలో అణువుల సంఖ్య సమానంగా ఉంటుందని అవగాడ్రో 1811లోనే చెప్పాడు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కార్ల్స్‌రూహె సమావేశానికి నాలుగేళ్ల ముందే ఆయన చనిపోయాడు కూడా. ఆ మాటను పట్టుకుని వాయువుల బరువులు పోల్చితే అణువుల బరువులు తేలిపోయాయి, నీటి సంగతీ తేలింది. ఆ సభలో కూర్చున్న యువకుల్లో మెండలీవ్ ఒకడు. తొమ్మిదేళ్లకు, 1869లో, ఆయన ఆవర్తన పట్టిక వేశాడు.

602 కోట్ల కోట్ల కోట్లు

కార్బన్ 12 గ్రాములు, సోడియం 23 గ్రాములు, నీరు 18 గ్రాములు తీసుకుంటే మూడింటిలోనూ కణాల సంఖ్య ఒకటే. ఆ సంఖ్యే ఒక మోల్. దాని విలువ 6.02214076 × 10²³. దాన్ని అవగాడ్రో సంఖ్య అంటున్నా అవగాడ్రోకు అది ఎంతో తెలియదు. ఆయన గౌరవార్థం ఆ పేరు పెట్టింది ఫ్రెంచ్ శాస్త్రవేత్త జీన్ పెరిన్, 1909లో. నీటిలో తేలే సూక్ష్మకణాల కదలికలను కొలిచి ఆ సంఖ్య ఎంతో లెక్కగట్టాడు. 1926లో ఆయనకు నోబెల్ వచ్చింది. 2019 మే 20 నుంచి ఈ అంకెను ప్రపంచమంతటికీ స్థిరంగా ఖాయం చేశారు. ఇక అది కొలిచే సంఖ్య కాదు, నిర్వచనం.

మన లెక్కలో చెప్పాలంటే 602 కోట్ల కోట్ల కోట్లు. ఎంత పెద్దదో ఊహకు అందాలంటే ఒక్క నీటి చుక్క చాలు. చుక్క అంటే 0.05 గ్రాములు అనుకుందాం. 18తో భాగిస్తే 0.0028 మోల్. అణువుల్లో 1.67 × 10²¹. భూమ్మీద ఉన్న 800 కోట్ల మందీ నిద్రాహారాలు మాని సెకనుకు ఒక్కో అణువు చొప్పున లెక్కపెడితే ఆ చుక్క పూర్తవడానికి 6,600 సంవత్సరాలు పడుతుంది. త్రాసు ఉన్నవాడికి ఇదే పని క్షణంలో అయిపోతుంది. గ్రాములను ఒక మోల్ బరువుతో, అంటే మోలార్ ద్రవ్యరాశితో భాగించడమే.

మళ్లీ పొట్లం దగ్గరికి

గ్లూకోజు అణువులో 6 కార్బన్లు, 12 హైడ్రోజన్లు, 6 ఆక్సిజన్లు. 72 + 12 + 96, మొత్తం 180. పొట్లంలో ఉన్నది 13.5 గ్రాములు కాబట్టి 13.5 ÷ 180 = 0.075 మోల్. మోల్‌లో వెయ్యో వంతు మిల్లీమోల్, అంటే 75 మిల్లీమోల్స్.

ఉప్పు 23 + 35.5 = 58.5. కాబట్టి 2.6 ÷ 58.5 చేస్తే 44.4 మిల్లీమోల్స్ సోడియం. గ్లూకోజుకు ఇంకా తక్కువే కదా అంటారు. సిట్రేట్‌ను మరిచిపోవద్దు. స్ఫటిక జలంతో కలిపి దాని మోలార్ ద్రవ్యరాశి 294, ఒక్కో దానిలో మూడు సోడియంలు. 2.9 ÷ 294 అంటే 9.9 మిల్లీమోల్స్, మూడుతో గుణిస్తే 29.6. కూడితే 74. పట్టికల్లో 75 అని వేస్తారు, గ్రాములను ఒక దశాంశానికి సరిచేయడంలో వచ్చిన తేడా అది. గ్లూకోజు 75, సోడియం 75.

ఎందుకిలా? మన చిన్నపేగు గోడ కణాల్లో ఒక ప్రోటీన్ ఉంది. అది గ్లూకోజును లోపలికి తీసుకునేటప్పుడు సోడియంను కూడా వెంట తీసుకుంటుంది, ఒక గ్లూకోజు అణువుకు రెండు సోడియం అయాన్లు. వాటి వెనకే నీరు లోపలికి వెళ్తుంది. 1960లో శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ ఈ జోడీ సంగతిని ప్రేగ్‌లో జరిగిన సమావేశంలో వివరించాడు. కలరా వచ్చినప్పుడు కూడా ఈ తలుపు మూసుకుపోదు. ఒట్టి నీళ్లో, ఒట్టి ఉప్పునీళ్లో తాగిస్తే విరేచనాలతోపాటు బయటికే పోతాయి. గ్లూకోజు తోడుంటే లోపలికి వెళ్తాయి. శరీరం నుంచి కూడా పేగులోకి సోడియం చేరుతుంటుంది కనుక తాగే ద్రావణంలో రెండుకు ఒకటి నిష్పత్తి అవసరం లేదు. గ్లూకోజు సోడియంకు తగ్గకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన షరతు.

రెండో లెక్క ఇంకా ముఖ్యం. నీటిలో కరిగిన కణాలన్నింటినీ కూడండి. సోడియం 75, క్లోరైడ్ 65, గ్లూకోజు 75, పొటాషియం 20, సిట్రేట్ 10. మొత్తం 245. మన రక్తంలో ఈ సంఖ్య సుమారు 290. ద్రవాభిసరణంలో నీరు కణాలు తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకు పోతుంది. పేగులో 245, రక్తంలో 290 కాబట్టి నీరు రక్తంలోకి నడుస్తుంది. 1975 నాటి పాత సూత్రంలో ఈ మొత్తం 311 ఉండేది, రక్తం కంటే ఎక్కువ. అందుకే 2002లో ఉప్పు, గ్లూకోజు రెండూ తగ్గించారు.

ఇప్పుడు ఇదే లెక్కను ఇంట్లో జరిగే పొరపాటుకు వేసి చూడండి. లీటరు పొట్లాన్ని 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే 245 కాస్తా ఐదు రెట్లు, 1,225 అవుతుంది. అప్పుడు శరీరంలోని నీరే పేగులోకి వచ్చేస్తుంది. మందు అనుకుని ఇచ్చింది జబ్బును ముదరబెడుతుంది. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న పొట్లాలు వేరే ఉంటాయి. ఎంత నీళ్లో పొట్లం మీదే రాసి ఉంటుంది, అది చదవడం తప్పనిసరి.

కూల్‌డ్రింకు సంగతీ ఇంతే. లీటరుకు దాదాపు 100 గ్రాముల చక్కెర. చక్కెర అణువు 342 కాబట్టి 292 మిల్లీమోల్స్. పేగులో ఒక్కో చక్కెర అణువు గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా రెండుగా విడిపోతుంది. అంటే 585 కణాలు, సోడియం మాత్రం నామమాత్రం. ఇలాంటి తీపి పానీయాలకు ఓఆర్‌ఎస్ అని పేరు తగిలించి మందుల షాపుల్లో అమ్మడాన్ని ఎదిరించి హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. ఆ పోరాటం ఎందుకో అర్థం కావడానికి తొమ్మిదో తరగతి లెక్క చాలు.

ఈ లెక్క ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో చెప్పడానికి ఒక్క సంఘటన. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వల్ల లక్షల మంది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా. నరానికి ఎక్కించే సెలైన్ అయిపోయింది. డాక్టర్ దిలీప్ మహలనబీస్ బృందం లీటరుకు 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున పొట్లాలు కట్టి, డ్రమ్ముల్లో కలిపి, రోగుల బంధువులచేతే తాగించింది. మరణాలు 30 శాతం దాకా ఉన్నచోట 3.6 శాతానికి దిగాయి. ఆయన 2022లో కన్నుమూశారు, మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు. ఆ పొట్లంలో సోడియం ఎంతో మీరు కట్టి చూడండి. వంటసోడా 84, ఉప్పు 58.5. జవాబు 90 మిల్లీమోల్స్ రావాలి.

సమీకరణంలో అంకెలు

ద్రావణాల్లో ఎంత సంఖ్యో చూశాం. రసాయన చర్యల్లో ఆ సంఖ్య సమీకరణంలో ఒక్కో పదార్థం ముందు గుణకంగా నిలబడి ఉంటుంది. పిల్లలు సమీకరణాన్ని రెండు పక్కలా తుల్యం చేసి వదిలేస్తారు, ఆ గుణకాలు ఏం చెబుతున్నాయో చూడరు.

ఇంటి గ్యాస్ సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. అది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. లెక్క సులువు కోసం అంతా బ్యూటేనే అనుకుందాం. 4 కార్బన్లు, 10 హైడ్రోజన్లు, మొత్తం 58. అది మండే సమీకరణం:

2 బ్యూటేన్ + 13 ఆక్సిజన్ → 8 కార్బన్ డయాక్సైడ్ + 10 నీరు

ఇవి గ్రాములు కావు, అణువుల సంఖ్యలు, కాబట్టి మోల్స్ కూడా. సగం చేసుకుంటే, 58 గ్రాముల బ్యూటేన్‌కు ఆరున్నర మోల్స్ ఆక్సిజన్ (208 గ్రాములు) ఖర్చయి, 4 మోల్స్ కార్బన్ డయాక్సైడ్ (176 గ్రాములు), 5 మోల్స్ నీరు (90 గ్రాములు) వస్తాయి. 58 + 208 ఎంతో 176 + 90 అంతే, 266. ద్రవ్యనిత్యత్వ నియమం ఇక్కడ కళ్లముందే ఉంది.

ఇదే నిష్పత్తిని సిలిండర్‌కు వేస్తే 14.2 కిలోల గ్యాస్‌కు 51 కిలోల ఆక్సిజన్ కావాలి. 43 కిలోల కార్బన్ డయాక్సైడ్, 22 కిలోల నీటి ఆవిరి పుడతాయి. ఖాళీ సిలిండర్ తేలిక కదా, అంత బరువు ఎక్కడి నుంచి వచ్చిందని పిల్లలు అడుగుతారు. చాలా మంచి ప్రశ్న. వంటింటి గాలి నుంచి వచ్చింది. 25 డిగ్రీల దగ్గర ఏ వాయువైనా ఒక మోల్ దాదాపు 24.5 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. 51 కిలోల ఆక్సిజన్ అంటే సుమారు 1,590 మోల్స్, 39 ఘనపు మీటర్లు. గాలిలో ఆక్సిజన్ 21 శాతమే కాబట్టి దాదాపు 186 ఘనపు మీటర్ల గాలి కావాలి. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న వంటిల్లు 23 ఘనపు మీటర్లు కూడా ఉండదు. అలాంటి వంటిళ్లు ఎనిమిదింటిలోని గాలి కంటే కాస్త ఎక్కువే ఒక్క సిలిండర్‌కు కావాలి.

కిటికీలు మూసేసి గాలి అందకపోతే సమీకరణమే మారిపోతుంది. 2 బ్యూటేన్‌కు 13 ఆక్సిజన్ల చోట 9 మాత్రమే అందాయనుకోండి. అప్పుడు 10 నీటి అణువులతోపాటు వచ్చేవి 8 కార్బన్ మోనాక్సైడ్ అణువులు. నిజమైన మంటలో రెండు చర్యలూ కలగలిసి జరుగుతాయి, నీలి మంట పసుపు తిరుగుతుంది, గిన్నె అడుగున మసి పడుతుంది. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బాత్రూముల్లో పెట్టే గ్యాస్ గీజర్ల దగ్గర ప్రాణాలు పోయేది ఇందువల్లే.

రెండు సమీకరణాలనూ నోటుబుక్కులో పక్కపక్కనే రాసుకుని, 58 గ్రాముల బ్యూటేన్ పూర్తిగా రెండో దారిలో మండితే ఎన్ని గ్రాముల కార్బన్ మోనాక్సైడ్ వస్తుందో కట్టండి. కార్బన్ 12, ఆక్సిజన్ 16. జవాబు 112 గ్రాములు రావాలి.