తాండ్రచెట్టు – వరదవార్త

పొత్తులేని వస్తువులు ఒకచోట చేరినప్పుడు వానిలో చుట్టరికము వెదకుట నాకు చిరకాలపు అలవాటు. ఒక శ్రావణమాసపు ఉదయమున రాజమహేంద్రవరమున నా బల్లపై మూడు వస్తువులుండెను: ఆంధ్రభారతములోని అరణ్యపర్వము, దామెర్ల రామారావుగారి ఋష్యశృంగ చిత్రమునకు ముద్రితప్రతి, నాటి వార్తాపత్రిక. ధవళేశ్వరమున నీటిమట్టము 11.75 అడుగులకు చేరగా మొదటి ప్రమాదహెచ్చరిక జారీచేసిరని పత్రికలో నుండెను.

మొదటి రెంటికిని చుట్టరికము స్పష్టమే. పదునొకండవ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని కొలువున నన్నయ ఈ పురముననే భారతమును తెనిగింప మొదలిడెను; ఆయన రచన అరణ్యపర్వము నడుమ నిలిచిపోయెను. ఆ పర్వములోని ఋష్యశృంగుని కథనే ఈ పురమువారగు రామారావుగారు (1897–1925) చిత్రించిరి. ఆ ముని అంగదేశమున అడుగిడగనే అచ్చట వాన కురిసెను. పత్రికలోని వార్తయు వాననుండి పుట్టినదే.

ఇక గణితము మిగిలినది. పుటలు వెనుకకు త్రిప్పగా నలోపాఖ్యానము కనబడెను. ఋతుపర్ణుడు రథముపై పోవుచు ఒక తాండ్రచెట్టును జూచి, దాని రెండు కొమ్మలలో 2,095 పండ్లున్నవని సంస్కృతమూలమున చెప్పును. ఎట్లు లెక్కించెనో కథలో లేదు. కొన్ని రెమ్మల నెంచి తక్కినది ఊహించియుండునని నేటి విమర్శకులు కొందరు తలచిరి. కొలదిపాటి చూచి అంతటిని అంచనావేయుట నేటి సాంఖ్యకశాస్త్రమునకు ప్రాణము.

వరదవార్తయు ఇట్టిదే. వానకొలత పాత్రయొక్క నోరు జానెడు వెడల్పైనను ఉండదు. గోదావరికి నీరిచ్చు నేల మూడులక్షల చదరపు కిలోమీటర్లకు పైబడినది. అందు అక్కడక్కడ నిలిపిన పాత్రలలో పడిన నీటిని బట్టియు, ఎగువను భద్రాచలము మున్నగుచోట్ల నీటిమట్టమును బట్టియు, దిగువకు ఎంత నీరు రాగలదో ముందుగా లెక్కగట్టుదురు. ఆ లెక్కను నమ్మి లంకవాసులు పిల్లలతో, పసులతో గట్టు చేరుదురు. 1986 ఆగస్టు వరదను చూచినవారికి దాని విలువ వేరుగ చెప్పనక్కరలేదు. తక్కువ చెప్పినచో ప్రాణములు పోవును. పలుమారు ఎక్కువ చెప్పినచో మరుసటిసారి ఎవరును కదలరు.

చిత్రమునకును వరదకును నేను కలిపిన చుట్టరికము కేవలము కాకతాళీయము. అది దేనిని రుజువు చేయలేదు. నాచేత ఒక పుటను తెరిపించినది, అంతే. రుజువు ఎట్లుండవలెనో నలుడు చూపెను. రాజు మాటను మెచ్చి ఊరకుండక, రథము నాపి, చెట్టును గూల్చి, పండ్లు లెక్కించెను. లెక్క సరిపోయెను. చుట్టరికములు ఎవరైనను కలుపవచ్చును. పండ్లు ఎంచిన పిదపనే వానిని నమ్మవలెను.