పులిపిరులకు ఇంటి వైద్యం - మేలు చేసేవి, కీడు చేసేవి

చేతి వేళ్లపైన, మోకాళ్లపైన, అరికాళ్లలో గరుకుగా మొలిచే పులిపిరులకు హ్యూమన్ పాపిల్లోమా అనే వైరస్ కారణం. ఇందులో 200కు పైగా రకాలు గుర్తించబడ్డాయి. చర్మంపై పడిన చిన్న గీరుడు ద్వారా ఈ వైరస్ లోనికి ప్రవేశించి, కొన్ని వారాలకో నెలలకో మొలకగా బయటపడుతుంది. బడి పిల్లల్లో ఇవి అధికం. అయితే పిల్లల్లో ఎక్కువ భాగం పులిపిరులు రెండేళ్లలోపు ఏ వైద్యమూ లేకుండానే పోతాయి. వెల్లుల్లి, అరటి తొక్క వంటి చిట్కాలకు వచ్చిన పేరు చాలా వరకు ఈ కారణంగా వచ్చినదే.

మెడపైన, చంకల్లో వేలాడే మెత్తని తోలు మొలకలను సైతం వాడుకలో పులిపిరులనే అంటారు. అవి వైరస్ వల్ల వచ్చేవి కావు, ఒకరి నుంచి ఒకరికి అంటవు. స్థూలకాయులలో, మధుమేహం ఉన్నవారిలో ఇవి ఎక్కువగా కనిపిస్తాయి కనుక, సంఖ్య పెరుగుతున్నప్పుడు రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవడం మంచిది. అరికాలి పులిపిరిని ఆనెకాయగా పొరబడటమూ సాధారణమే. పులిపిరి వద్ద చర్మపు గీతలు తెగిపోయి, మధ్యలో నల్లని చుక్కలు కనిపిస్తాయి. పక్కల నుంచి నొక్కితే నొప్పి పుడుతుంది.

గ్రామాలలో నేటికీ వాడుకలో ఉన్న కొన్ని పద్ధతులు ప్రమాదకరమైనవి. బట్టలపై గుర్తులు వేయుటకు వాడే నల్లజీడి గింజ రసం గుడ్డపైనే చెరగని మచ్చ వేయగా, చర్మంపై పడితే బొబ్బలు, పుండ్లు కలిగిస్తుంది. సున్నం, చాకలి సోడా కలిపి పూయడం, అగరువత్తితో కాల్చడం వల్ల చుట్టుపక్కల చర్మం కాలి శాశ్వతంగా మచ్చ మిగులుతుంది. గుర్రపు వెంట్రుకతో బిగించి కట్టినా, బ్లేడుతో కోసినా మొదట్లో వైరస్ ఉండిపోయి పులిపిరి తిరిగి మొలుస్తుంది. గాయం చీము పట్టే అవకాశమూ ఉంది. టేపు అంటించే పద్ధతి బాగా పనిచేస్తుందని 2002లో అమెరికాలో ఒక చిన్న అధ్యయనం తెలిపినప్పటికీ, 2006, 2007 సంవత్సరాలలో వెలువడిన అధ్యయనాలు దానిని బలపరచలేదు.

ఇంటివద్ద వాడదగిన మందులలో సాలిసిలిక్ ఆమ్లం ముఖ్యమైనది. సుమారు 17 శాతం గాఢత గల ద్రావణం మందుల దుకాణాలలో లభిస్తుంది. పులిపిరిని గోరువెచ్చని నీటిలో 5 నిమిషాలు నానబెట్టి, మెత్తబడిన పై పొరను గరుకు రాయితో మెల్లగా రుద్ది, చుట్టూ వాసెలిన్ రాసి, పులిపిరిపై మాత్రమే మందు వేయాలి. ఆ రాయిని ఇతరులు వాడరాదు. దాదాపు 12 వారాలు ప్రతిరోజూ వేయవలసి ఉంటుంది. పది రోజులకే విసిగి మానివేయడం వల్లనే చాలామందికి ఫలితం దక్కడం లేదు.

దీనికి లొంగని వాటిని చర్మవ్యాధుల నిపుణులు మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి గానీ, విద్యుత్ పరికరంతో కాల్చి గానీ తొలగిస్తారు. మొదటి పద్ధతిని రెండు మూడు వారాల వ్యవధితో పలుమార్లు చేయవలసి రావచ్చు.

మధుమేహ రోగులు పాదాలపై ఎట్టి సొంత వైద్యమూ చేసుకొనరాదు. స్పర్శ తగ్గిన పాదానికి మందు వల్ల పుండు పడినా తెలియదు. ముఖంపైన, జననాంగాల వద్ద మొలిచిన వాటికి ఈ ఆమ్లం వాడకూడదు. రక్తం కారినా, రంగు మారినా, నడివయసు దాటిన వారిలో కొత్తగా మొలిచి త్వరగా పెరిగినా వెంటనే వైద్యునికి చూపించాలి.