నేలచూపుల పియోనీ

ఉత్తర అమెరికాలో సహజంగా పెరిగే పియోనీ పూల మొక్కలు రెండే రెండు: పియోనియా బ్రౌనీ, పియోనియా కాలిఫోర్నికా. ఈ ప్రజాతిలో ముప్ఫై పైచిలుకు జాతులుంటే మిగిలినవన్నీ ఐరోపా, ఆసియా, ఉత్తర ఆఫ్రికాలవే. 1826లో స్కాట్లాండ్‌కు చెందిన డేవిడ్ డగ్లస్ ఆరెగన్ ప్రాంతపు బ్లూ మౌంటెన్స్‌లో, మంచు కరిగే అంచున, మొదటిదాన్ని సేకరించాడు. వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ గౌరవార్థం దానికి ఆయన పేరే పెట్టాడు. బ్రౌనియన్ చలనానికి పేరిచ్చిందీ ఆయనే.

పూల దుకాణాల్లో కనిపించే గుబురు పియోనీలకూ బ్రౌనీకీ పోలిక తక్కువ. మొక్క మోకాలి ఎత్తు దాటదు. ఆకులు దళసరిగా, బూడిద చాయ తిరిగిన పచ్చదనంతో ఉంటాయి. పువ్వు చిన్నది, అదీ నేలచూపులు చూస్తుంది. వంగి, పైకెత్తి చూస్తేనే అందం తెలిసేది: గోధుమ కలిసిన ముదురెరుపు రేకలు, వాటికి లేత పసుపుపచ్చ అంచు, నడుమ గుత్తుగా పసుపు కేసరాలు. కేసరాల అడుగున కండపట్టిన భాగం నుంచి తేనె ఊరుతుంది. దానికోసం కందిరీగలు, ఈగలు, చిన్న తేనెటీగలు వస్తాయి. కాయలు బరువెక్కి నేలకు ఆనుకుంటాయి. లోపలి నల్లటి గింజ దాదాపు చింతగింజంత ఉంటుంది.

ఆరెగన్, ఐడహో, నెవాడా ప్రాంతాల సేజ్‌బ్రష్ పొదల్లో, పల్చటి పైన్ అడవుల్లో ఇది పెరుగుతుంది. అక్కడి పైయూట్, షోషోనీ, వాషో తెగలకు దీని లావుపాటి వేరు మందుగా పనికొచ్చేది. దగ్గుకూ గొంతు నొప్పికీ ఊపిరితిత్తుల జబ్బులకూ వేరు కషాయం తాగేవారు. నెవాడా తెగల మందు మొక్కలపై 1941లో వెలువడిన సర్వేలో ఈ వాడకాలు నమోదయ్యాయి. దక్షిణ కాలిఫోర్నియాలోని కుమెయాయ్ ప్రజలు కాలిఫోర్నికా వేరును అజీర్తికి వాడారు. పూతకు ముందే లేతాకులు కోసి కూర వండుకున్నారు. మన ఉత్తరాఖండ్ కొండల్లోనూ హిమాలయ పియోనీ లేత చిగుళ్లు కూరకు పనికొస్తాయి. ఇవన్నీ అనుభవం మీద నిలిచిన వాడకాలే తప్ప ఆధునిక పరీక్షలకు నిలిచిన వైద్యం కాదు. అడవిలో వేరు తవ్వితే మొక్కే పోతుంది. పూతకొచ్చేందుకు ఏళ్లు తీసుకునే మొక్క విషయంలో అది చిన్న నష్టం కాదు.

బ్రౌనీని పెంచడం తోటమాలి ఓర్పుకు పరీక్ష. మంచు కరగగానే మొలిచి, పూసి, కాసి, నడివేసవికల్లా ఆకులు ఎండి నేలలోకి ఒదిగిపోతుంది. ఆకు పసుపెక్కిందని కంగారుపడి నీళ్లు పోయడమే చాలామంది చేసే పొరపాటు. నిద్రపోతున్న వేరు తడినేలలో కుళ్లిపోతుంది. కాబట్టి నీరు నిలవని ఇసుక, గులకరాళ్లు కలిసిన మట్టి కావాలి. శీతకాలం, వసంతం తడిగానూ వేసవి పొడిగానూ ఉండాలి. వేసవి వానలు పడే చోట ఇది బతికి బట్టకట్టడం కష్టం.

గింజల్ని ఆరబెట్టి దాచకుండా శరదృతువులోనే, ఆరుబయట, లోతైన కుండీల్లో నాటాలి. చలికి తడిమట్టిలో ముందు వేరు దిగుతుంది; ఆకు కనిపించేది మరుసటి వసంతంలోనే. కొన్ని గింజలు ఇంకో ఏడాది ఆగుతాయి. బీజదళాలు నేలలోనే ఉండిపోతాయి కనుక పైన ఏమీ కనిపించడం లేదని కుండీ దులిపేయకూడదు. మొలక ఎదిగాక వేరు కదిలిస్తే తట్టుకోదు. అందుకే చిన్నప్పుడే, మట్టిగడ్డతో సహా, దాని శాశ్వత స్థలంలో నాటుతారు. తొలి పువ్వుకు అయిదేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు.