పాత కారుకు కొత్త వాటర్ పంప్: కొనే ముందు ఏం చూడాలి?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు కబురు చేసినప్పుడు మాకు మొదట క్రమశిక్షణ, విద్య విలువ లాంటి విషయాలే గుర్తొచ్చాయి. అవి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని మేము చేసిన ఒక పొరపాటు గురించి, దాని నుంచి నేర్చుకున్న పని గురించి రాస్తున్నాం. మన హాస్టల్ నుంచి ఏటా కొందరు ఐటీఐకి, పాలిటెక్నిక్‌కి వెళ్తున్నారు. వాళ్ళలో ఎవరికైనా ఇది రేపు పనికి వస్తే మా నష్టం కొంత పూడినట్లే.

జరిగిన సంగతి

మా ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చినవాళ్ళం మేమే మొదలు. ఇప్పుడు ఎం.టెక్.లో థర్మల్ ఇంజనీరింగ్ చదువుతున్నాం. సెలవులు వస్తే విజయవాడ ఆటోనగర్‌లో మన హాస్టల్‌లోనే చదువుకున్న ఒక అన్న నడిపే చిన్న షెడ్డులో పని చేస్తాం. నిరుడు ఎండాకాలం అక్కడికి 2001 మోడల్ హోండా సిటీ వీటెక్ వచ్చింది. ఇప్పటి పిల్లలకు అది పాత కారే కావచ్చు. కానీ 1.5 లీటర్ల ఇంజన్‌తో 106 హార్స్‌పవర్ ఇచ్చే ఆ కారంటే ఆ రోజుల్లో మోజు అంతా ఇంతా కాదు. ఈనాటికీ దాన్ని ప్రాణంలా చూసుకునేవాళ్ళు ఉన్నారు.

పంప్ కింద కూలెంట్ మరక కనిపించింది. అన్న మాతో, "మీరు పెద్ద చదువులు చదువుతున్నారు కదరా, మీరే చూసి మంచిది పట్టుకురండి" అన్నాడు. కొట్లో రెండు రకాలు చూపించారు. ఒకటి కారు కంపెనీ పెట్టెలోది. రెండోది సగం ధరకే వచ్చే పేరులేని సరుకు. రెండోదాని లోపలి చక్రం కాస్త పెద్దది. పెద్ద చక్రం ఎక్కువ నీళ్ళు తోస్తుంది, పైగా డబ్బు మిగులుతుంది అని లెక్కవేసి దాన్నే తెచ్చాం. మా మాట మీద నమ్మకంతో అన్న బిగించాడు.

అయిదు వారాలకు ఆ పంప్ బేరింగ్ పోయింది. చక్రం వంకర తిరిగి టైమింగ్ బెల్ట్ పక్కకు జరిగింది, పళ్ళు జారాయి. పిస్టన్లు తగిలి వాల్వులు వంగాయి. హెడ్ విప్పి బాగు చేయడానికి ఇరవై ఎనిమిది వేలు అయ్యాయి. ఆ డబ్బు అన్న తన జేబులోంచే పెట్టుకున్నాడు. మమ్మల్ని ఒక్క రూపాయి అడగలేదు, ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మాకు ఎక్కువ బాధ అనిపించింది.

పంప్ చేసే పని

ఇంజన్ లోపల పెట్రోల్ మండినప్పుడు పుట్టే వేడిలో కొంత భాగమే బండిని నడుపుతుంది. మిగిలినదాంట్లో చాలా భాగాన్ని ఇంజన్ గోడల నుంచి తీసుకుని రేడియేటర్‌కు చేర్చేది కూలెంట్. దాన్ని తిప్పేది వాటర్ పంప్. అందులో ముఖ్యమైనవి నాలుగు: నీటిని తోసే ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం, ఇరుసు, బేరింగ్, నీరు బేరింగ్‌లోకి రాకుండా ఆపే సీల్. సీల్‌కు, బేరింగ్‌కు మధ్య ఒక చిన్న రంధ్రం ఉంటుంది. సీల్ అరిగితే నీరు ముందుగా అక్కడి నుంచి కారుతుంది. అది హెచ్చరిక. కారుతోంది కదా అని ఆ రంధ్రాన్ని ఎంసీల్‌తో మూసేవాళ్ళను చూశాం. అలా మూస్తే నీరు బేరింగ్‌లోకి పోతుంది.

ఈ ఇంజన్‌లో పంప్‌ను తిప్పేది టైమింగ్ బెల్టే. పంప్ పాడైతే బెల్ట్ పాడవుతుంది, బెల్ట్ జారితే ఇంజనే పోతుంది. పంప్ మార్చాలంటే బెల్ట్ విప్పక తప్పదు. అంటే సరుకు చవకదైనా ఖరీదైనదైనా కూలి మాత్రం ఒకటే. చవక పంప్‌తో మిగిలే డబ్బు రెండోసారి విప్పే కూలికే చాలదు. మేము వేయని లెక్క ఇదే.

పెద్ద చక్రం ఎందుకు మంచిది కాదు?

మేము పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సూత్రమే ఇది. ఇలాంటి పంప్ వేగం రెండింతలైతే ప్రవాహం సుమారు రెండింతలు, పీడనం నాలుగింతలు, అది లాక్కునే శక్తి ఎనిమిదింతలు అవుతాయి. ఈ కారు ఇంజన్ దాదాపు ఏడు వేల చుట్ల దాకా తిరుగుతుంది. అంత వేగంలో పెద్ద చక్రం ఇంజన్ శక్తిని ఎక్కువ తింటుంది, బేరింగ్ మీద బరువు పెంచుతుంది. రెక్కల వెనుక పీడనం బాగా పడిపోతే నీరు ఆవిరి బుడగలుగా మారి, ఆ బుడగలు పగిలి లోహాన్ని గుంటలు పెడతాయి. దీన్నే కేవిటేషన్ అంటారు. అప్పుడు నీటి ప్రవాహం పెరగకపోగా తగ్గుతుంది. నెమ్మదిగా పోయే ట్రాఫిక్‌లో బండి వేడెక్కుతుంటే తప్పు చాలాసార్లు ఫ్యాన్‌లోనో, మూసుకుపోయిన రేడియేటర్‌లోనో, థర్మోస్టాట్‌లోనో ఉంటుంది. అవి చూడకుండా పెద్ద పంప్ వేసి లాభం లేదు.

రేసు బండ్లకు కరెంటు పంపులు కూడా వాడతారు. ఇంజన్ వేగంతో సంబంధం లేకుండా తిరగడం వాటి సుగుణం. కానీ మన కారులో పాత పంప్ చక్రం బెల్ట్ దారిలోనే ఉంది, దాన్ని తీసేయలేం. పైగా కంట్రోలర్, వైరింగ్ కొత్తగా వేయాలి. రోజూ రోడ్డు మీద తిరిగే బండికి కంపెనీ వేసిన కొలతల పంపే చాలు.

కొట్లో చూడవలసినవి

ఒకటి, పార్ట్ నంబర్. కారు పేరు చెప్పి అడిగితే సరిపోదు. ఒకే పేరుతో వచ్చిన కార్లలో ఇంజన్లు మారాయి. ఇంజన్ నంబర్ చూసి, సర్వీసు పుస్తకంలోని పార్ట్ నంబర్‌తో సరిచూసుకోవాలి.

రెండు, పాత పంప్‌ను వెంట తీసుకెళ్ళాలి. రెండూ పక్కపక్కన పెట్టి బోల్టు రంధ్రాలు, చక్రం పళ్ళ సంఖ్య, పళ్ళ ఆకారం, ఇంపెల్లర్ వ్యాసం, ఎత్తు వెర్నియర్‌తో కొలవాలి. రెక్కలు ఎటు వంగి ఉన్నాయో కూడా చూడాలి. ఎక్కువ ఇంజన్లు బెల్ట్ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతాయి. ఈ హోండా ఇంజన్ దానికి ఎదురు దిశలో తిరుగుతుంది.

మూడు, బేరింగ్. ఇరుసును వేళ్ళతో పట్టుకుని పక్కలకు కదపాలి. ఏమాత్రం ఆట ఉన్నా వద్దనాలి. తిప్పితే మెత్తగా, ఒకే బిగువుతో తిరగాలి, గరగరమనకూడదు.

నాలుగు, ఇంపెల్లర్ దేనితో చేశారు అన్నది. 1990లలో వచ్చిన బీఎండబ్ల్యూ ఇ36 తరం కార్లలో ప్లాస్టిక్ ఇంపెల్లర్లు వయసు మీద పగిలిపోవడం లోకమంతా తెలిసిన సంగతి. వాటి యజమానులు లోహపు ఇంపెల్లర్ ఉన్న పంపులకు మారారు. అలాగని లోహం ఏదైనా మంచిదే అనుకోవద్దు. పలుచని రేకు రెక్కలు ఒట్టి నీళ్ళు పోసి నడిపితే తుప్పు పట్టిపోతాయి.

అయిదు, ఎవరు చేశారు. కంపెనీ పెట్టెలోది మొదటి ఎంపిక. అది దొరకకపోతే ఐసిన్, జీఎంబీ వంటి పేరున్న తయారీదారుల పంప్ తీసుకోవచ్చు. పెట్టె మీద అచ్చు తప్పులున్నా, పంప్ ఒంటి మీద గుర్తు లేకపోయినా అనుమానించాలి. బిల్లు తప్పకుండా అడగాలి. పాత ఒంటికి కొత్త బేరింగ్ కొట్టి ఇచ్చే రీకండిషన్ పంపులు బెల్ట్ మీద తిరిగే ఇలాంటి ఇంజన్‌కు వద్దు.

బిగించేటప్పుడు

బెల్ట్, టెన్షనర్ కూడా అప్పుడే మార్చాలి. పంప్ కూర్చునే చోటును గీతలు పడకుండా శుభ్రం చేయాలి. రబ్బరు రింగు ఉన్నచోట సీలెంట్ పూయకూడదు. పూస్తే ముక్కలు ఊడి రేడియేటర్ గొట్టాల్లో ఇరుక్కుంటాయి. బోల్టులు టార్క్ రెంచ్‌తో పుస్తకంలో చెప్పినంతే బిగించాలి. అల్యూమినియం మరలు తేలిగ్గా ఊడిపోతాయి.

ఇక నీళ్ళ సంగతి. మన హాస్టల్ బకెట్లకు, కుళాయిలకు పట్టే తెల్లని పొర గుర్తుందా? ఎంత ఇసుక పెట్టి తోమినా పోయేది కాదు. అదే బోరు నీళ్ళు ఇంజన్‌లో పోస్తే అదే పొర లోపల పడుతుంది. వేడి బయటికి పోదు, సీల్ గీసుకుపోతుంది. అందుకే డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన సరైన కూలెంట్ మాత్రమే పోయాలి. సిలికేట్లు సీల్‌ను అరగదీస్తాయని జపాన్ కార్లకు అవి లేని కూలెంట్ చెబుతారు. రేడియేటర్ మూత కూడా చూడాలి. మామూలుగా 100 డిగ్రీలకు మరిగే నీరు రెండింతల పీడనంలో 120 డిగ్రీల దాకా మరగదు. ఆ పీడనాన్ని నిలిపేది ఆ మూతే. చివరగా హీటర్ పూర్తిగా తెరిచి, లోపలి గాలి అంతా పోయేదాకా ఇంజన్ నడపాలి.

చివరి మాట

రెండోసారి కంపెనీ పంపే తెచ్చాం. ఈసారి పాతదాన్ని సంచిలో వేసుకుని వెళ్ళి, కొట్లోనే కొలిచి తెచ్చాం. ఏడాది దాటింది, ఒక్క చుక్క కారలేదు. పాడైన ఆ పంప్‌ను అన్న షెడ్డులో మేకుకు తగిలించాడు. కొత్తగా చేరిన కుర్రాళ్ళకు దాన్ని చూపించి బేరింగ్ ఆట అంటే ఏమిటో నేర్పుతున్నాడు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మన ఇళ్ళలో మనమే మొదట చదువుకున్నాం. కాబట్టి మన మాటను ఇంట్లోవాళ్ళు, ఊళ్ళోవాళ్ళు ఎదురు ప్రశ్న వేయకుండా నమ్ముతారు. ఆ రోజు సూత్రం మాకు వచ్చు, వెర్నియర్ షెడ్డులోనే ఉంది. కొలవకుండా చెప్పాం, అన్న నమ్మాడు. మిమ్మల్ని నమ్మి ఎవరైనా అడిగినప్పుడు, కొలిచిన తర్వాతే చెప్పండి.