ఊరవేసిన కూరగాయలు: ఇంట్లో చేసుకునే విధానం, తెలుసుకోవలసిన జాగ్రత్తలు

"బి.పి. ఉంది, ఊరగాయ మానెయ్యమన్నారు. తొక్కు లేనిదే ముద్ద దిగదు. ఏం చెయ్యాలి?" పానగల్‌లోనే కాదు, నల్గొండ చుట్టుపక్కల చాలా ఇళ్ళలో వినిపించే ప్రశ్న ఇది. దీనికి సమాధానంగా, తక్కువ ఉప్పుతో కూరగాయలను పులియబెట్టుకునే పద్ధతిని ఈసారి తెలుసుకుందాం.

పులియబెట్టడం మనకు కొత్త కాదు. పెరుగు, ఇడ్లీ పిండి, పులిసిన అంబలి, చద్దన్నం అన్నీ ఈ కోవలోవే. కొరియా వారి కిమ్చీ, జర్మనీ వారి పుల్లని క్యాబేజీ కూడా ఇలాగే తయారవుతాయి.

ఇది ఎలా జరుగుతుంది?

పచ్చి కూరగాయల మీద కంటికి కనిపించని మేలుచేసే క్రిములు ఉంటాయి. ఇవి పాలను పెరుగు చేసే క్రిముల జాతివే. ముక్కలను ఉప్పునీటిలో ముంచి గాలి తగలకుండా ఉంచితే, ఇవి కూరగాయలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ పులుపే కూరగాయను కాపాడుతుంది. పులుపును కొలిచే పి.హెచ్. 4.6 కంటే తగ్గితే, ప్రాణాంతకమైన బొటులిజం విషాన్ని తయారుచేసే క్రిములు పెరగలేవు.

తయారుచేసే విధానం

1. ఒకటిన్నర లీటరు పట్టే గాజు సీసా లేక జాడీ తీసుకోండి. సబ్బుతోనూ, వేడినీటితోనూ కడిగి ఎండలో ఆరబెట్టండి. అల్యూమినియం, ఇత్తడి, రాగి పాత్రలు వాడవద్దు. పులుపుకు లోహం కరుగుతుంది.
2. క్యారట్, ముల్లంగి, క్యాబేజీ, నాలుగు పచ్చిమిరపకాయలు కలిపి అరకిలో తీసుకోండి. మచ్చలు, కుళ్ళు ఉన్నవి తీసేసి, బాగా కడిగి ముక్కలు కోయండి.
3. అర లీటరు కాచి చల్లార్చిన నీటిలో 30 గ్రాముల ఉప్పు కలపండి. త్రాసు లేకపోతే కిరాణా కొట్టులో తూయించుకోండి. అయోడిన్ ఉప్పు కూడా పనికి వస్తుంది. ఇంతకంటే ఉప్పు తగ్గిస్తే మన ఎండలకు ముక్కలు పాడయ్యే ప్రమాదం ఉంది.
4. ముక్కలు సీసాలో వేసి ఉప్పునీరు పోయండి. పైన రెండు అంగుళాల ఖాళీ ఉంచండి. ముక్కలు తేలకుండా క్యాబేజీ ఆకు కప్పి, చిన్న గాజు గిన్నె బరువుగా పెట్టండి. నీటి పైకి తేలిన ముక్కకే బూజు పడుతుంది.
5. మూత వదులుగా పెట్టి నీడలో ఉంచండి. బుడగలు వస్తాయి, భయపడవద్దు. ఎండాకాలంలో రెండు మూడు రోజులకు, చలికాలంలో ఐదారు రోజులకు పుల్లబడుతుంది.
6. పులుపు సరిపోయాక ఫ్రిజ్‌లో పెట్టి నెలలోపు వాడండి. ఫ్రిజ్ లేనివారు సగం కొలతతో చేసుకుని మూడు నాలుగు రోజుల్లో ముగించండి. ఎప్పుడూ పొడి చెంచానే వాడండి.

పైన తెల్లని పలుచని పొర కడితే తీసివేయవచ్చు. కానీ ఆకుపచ్చ, నలుపు, గులాబీ రంగు బూజు పట్టినా, ముక్క జిగురుగా మారినా, కుళ్ళు వాసన వచ్చినా మొత్తం పారవేయండి. అరకిలో కూరగాయల ఖర్చు కంటే ఆస్పత్రి ఖర్చు చాలా ఎక్కువ.

ఏ నీరు వాడాలి?

మన జిల్లాలో ఇది ముఖ్యమైన ప్రశ్న. ఇక్కడి చాలా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి "నల్గొండ పద్ధతి" అనే పేరు వచ్చిందంటే సమస్య ఎంత పెద్దదో గ్రహించవచ్చు. నీటిని మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి బోరు నీరు కాకుండా, తాగడానికి సరఫరా అయ్యే కృష్ణా నీటినే కాచి వాడండి. పానగల్ ఉదయ సముద్రానికి చేరేది ఆ నీరే.

ఎంత తినవచ్చు?

పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కూర, పప్పు, చారు అన్నిటిలో కలిపి లెక్క ఇది. పై కొలతతో చేసిన ముక్కలు రెండు పెద్ద చెంచాలు, అంటే సుమారు 30 గ్రాములు తింటే దాదాపు ఒక గ్రాము ఉప్పు లోనికి పోతుంది. ఆవకాయలో అంతే తూకానికి ఉప్పు ఇంకా చాలా ఎక్కువ. కనుక ఇది ఊరగాయకు బదులుగా తినవలసినది, ఊరగాయతో పాటు కాదు. బి.పి. ఉన్నవారు ఇది తిన్న పూట కూరలో ఉప్పు తగ్గించుకోవాలి.

మూత్రపిండాల జబ్బు, గుండె వైఫల్యం ఉన్నవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా తినవద్దు. ఏడాది లోపు పిల్లలకు పెట్టవద్దు. కడుపులో పుండు, మంట ఉన్నవారికి పులుపు పడకపోవచ్చు.

లాభం ఉందా?

2021లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 36 మంది ఆరోగ్యవంతులతో ఒక పరిశోధన ప్రచురించారు. వారిలో పది వారాలు పులియబెట్టిన ఆహారం ఎక్కువగా తిన్నవారి పేగుల్లో క్రిముల రకాలు పెరిగాయి, రక్తంలో వాపును సూచించే కొన్ని పదార్థాలు తగ్గాయి. ఇది చిన్న పరిశోధన. పులిసిన కూరగాయ ఆహారమే గాని మందు కాదు. దీన్ని నమ్ముకుని బి.పి., షుగరు మాత్రలు మానవద్దు.

మొదటిసారి అరకిలోతోనే మొదలుపెట్టండి. సీసా మీద చేసిన తేదీ రాసి అతికించండి. బి.పి. ఉన్నవారు తదుపరి పరీక్షకు వచ్చినప్పుడు, రోజుకు ఎంత తింటున్నారో డాక్టరుకు తప్పక చెప్పండి.