కేప్ అడేర్: అపోహలు – వాస్తవాలు

అంటార్కిటికా చరిత్ర అనగానే మన పుస్తకాలు అముండ్‌సెన్, స్కాట్‌ల పోటీతో మొదలుపెడతాయి. అముండ్‌సెన్ ధ్రువం చేరింది 1911 డిసెంబరులో. అంతకు పన్నెండేళ్ల ముందే ఆ ఖండం ఒడ్డున పదిమంది ఇల్లు కట్టుకుని ఒక చలికాలమంతా గడిపారు. ఆ చోటే కేప్ అడేర్. విక్టోరియా ల్యాండ్ ఈశాన్య కొసన, రాస్ సముద్రపు ముఖద్వారం దగ్గర నీళ్లలోకి చొచ్చుకొచ్చిన నల్లని అగ్నిపర్వత శిలల అగ్రం అది. దాని గురించి చెప్పుకొనే మాటల్లో సగం నిజాలే ఎక్కువ.

అపోహ: దాన్ని కనుగొన్న నావికుడి పేరే దానికి పెట్టారు.

వాస్తవం: కాదు. 1841 జనవరిలో దాన్ని చూసి పేరు పెట్టినవాడు బ్రిటిష్ నౌకాదళ అధికారి జేమ్స్ క్లార్క్ రాస్. ఎరెబస్, టెర్రర్ అనే రెండు ఓడలతో దక్షిణ అయస్కాంత ధ్రువాన్ని వెతుక్కుంటూ వచ్చాడు. అడేర్ అన్నది ఆయన మిత్రుడైన ఐర్లండ్ ప్రభువు వైకౌంట్ అడేర్ పేరు. ఆ ప్రభువు బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు, అటువైపు ఎన్నడూ వెళ్లలేదు. రాస్ కూడా ప్రధాన భూభాగం మీద దిగలేకపోయాడు. దగ్గర్లోని ఒక చిన్న దీవి మీద దిగి, విక్టోరియా రాణి పేరిట జెండా పాతాడు. ఆ దీవులనే పొజెషన్ దీవులంటారు.

అపోహ: అంటార్కిటికా మీద తొలిసారి మనిషి కాలుమోపింది ఇక్కడే, 1895లో. ఆ మనిషి బోర్క్‌గ్రెవింక్.

వాస్తవం: ఇందులో రెండు పొరపాట్లున్నాయి. 1895 జనవరి 24న 'అంటార్కిటిక్' అనే నార్వే ఓడ నుంచి ఒక పడవ కేప్ అడేర్ ఒడ్డు చేరిన మాట నిజమే. ఆ యాత్ర తిమింగలాల కోసం వచ్చింది. నాయకుడు హెన్రిక్ బుల్, కెప్టెన్ క్రిస్టెన్‌సెన్. మెల్‌బోర్న్‌లో మామూలు ఓడకూలీగా చేరిన కార్స్టెన్ బోర్క్‌గ్రెవింక్ పడవలో ఉన్నాడు, న్యూజిలాండ్‌లో చేరిన ట్యూంజెల్‌మన్ అనే కుర్రవాడూ ఉన్నాడు. ముందు దిగింది తానేనని కెప్టెన్ అన్నాడు, తానేనని బోర్క్‌గ్రెవింక్ అన్నాడు. పడవను పట్టుకోవడానికి అందరికంటే ముందు దూకింది తానని ఆ కుర్రవాడు చెప్పుకున్నాడు. ఈ తగువు ఇప్పటికీ తేలలేదు.

తేలినా అది ఖండం మీద తొలి అడుగు అని గట్టిగా చెప్పలేం. సీళ్ల వేటకు వచ్చిన అమెరికన్ జాన్ డేవిస్ మనుషులు 1821 ఫిబ్రవరి 7న అంటార్కిటిక్ ద్వీపకల్పం వైపు తీరంలో దిగినట్టు ఆయన ఓడ దినచర్య చెబుతోంది. చరిత్రకారులందరూ దాన్ని అంగీకరించలేదు, కానీ కొట్టిపారేయనూ లేదు. పోటీ పరీక్షల పుస్తకాలు రాసేవారికి ఒక విన్నపం: ఈ ప్రశ్నకు ఒక్క పేరే జవాబుగా ఇవ్వకండి.

అపోహ: అంటార్కిటికాలో తొలి చలికాలం గడిపింది ఇక్కడి బృందమే.

వాస్తవం: 'నేల మీద' అన్న మాట చేర్చితేనే ఇది నిజం. 1898లో బెల్జియం ఓడ 'బెల్జికా' సముద్రపు మంచులో చిక్కుకుపోయి, అందులోనివాళ్లు చలికాలమంతా ఓడలోనే గడిపారు. అముండ్‌సెన్ అప్పుడు ఆ ఓడలోనే ఉన్నాడు. ఖండపు నేల మీద మాత్రం 1899లో బోర్క్‌గ్రెవింక్ బృందానిదే తొలి చలికాలం. 'సదరన్ క్రాస్' ఓడ వారిని దింపి వెళ్లిపోయింది. నార్వే నుంచి విడి భాగాలుగా తెచ్చిన దేవదారు చెక్కలతో రెండు గుడిసెలు కట్టుకున్నారు. ఆ పదిమందిలో ఇద్దరు నార్వే ఉత్తరపు కొసకు చెందిన సామీలు, పెర్ సావియో, ఓలె ముస్త్. కుక్కలను చూసుకున్నది వారే. అంటార్కిటికాలో కుక్కల బండ్లు తొలిసారి నడిచింది ఈ యాత్రలోనే. రెండు నెలలకు పైగా సూర్యుడు కనిపించలేదు. జంతుశాస్త్రవేత్త నికోలాయ్ హాన్సన్ అక్టోబరు 14న చనిపోయాడు. అతని కోరిక మేరకు కేప్ శిఖరం మీదికి మోసుకెళ్లి పాతిపెట్టారు. అంటార్కిటికా ఖండం మీద మనకు తెలిసిన తొలి సమాధి అది.

అపోహ: అక్కడ మిగిలింది స్కాట్ గుడిసె.

వాస్తవం: స్కాట్ పంపిన ఆరుగురి బృందం 1911లో అక్కడ ఉన్న మాట నిజం. వాళ్ల గుడిసెను గాలులు కూల్చేశాయి. దానికంటే పాతదైన బోర్క్‌గ్రెవింక్ గుడిసె ఇంకా నిలబడే ఉంది. 2017లో న్యూజిలాండ్ సంరక్షకులకు అందులో దొరికిన హంట్లీ అండ్ పామర్స్ పండ్ల కేకు స్కాట్ మనుషులదని అంచనా. డబ్బా తుప్పు పట్టినా కేకు చెడలేదు.

అపోహ: బోర్క్‌గ్రెవింక్ యాత్ర వట్టి సాహసం, శాస్త్రానికి ఒరిగింది లేదు.

వాస్తవం: ఈ మాట పుట్టింది లండన్‌లో. రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అధ్యక్షుడు క్లెమెంట్స్ మార్కమ్ అప్పుడు సొంత యాత్రకు డబ్బు కూడబెడుతున్నాడు. ఈలోగా పత్రికాధిపతి జార్జ్ న్యూన్స్ 40 వేల పౌండ్లు బోర్క్‌గ్రెవింక్‌కు ఇచ్చాడు. మార్కమ్‌కు అది మింగుడుపడలేదు. నిజానికి ఖండం మీద చలికాలపు వాతావరణాన్ని, అయస్కాంత కొలతలను నమోదు చేసిన తొలి బృందం ఇదే. కేప్ అడేర్ వదిలాక రాస్ మంచు ఫలకం మీద 78 డిగ్రీల 50 నిమిషాల దక్షిణ అక్షాంశం దాకా వెళ్లారు. అప్పటికి అంత దక్షిణానికి ఎవరూ పోలేదు. ఈ యాత్రలో భౌతికశాస్త్రం చూసుకున్న లూయీ బెర్నాకీని స్కాట్ తన 'డిస్కవరీ' యాత్రకు తీసుకున్నాడు కూడా. సొసైటీ మనసు మార్చుకుని బోర్క్‌గ్రెవింక్‌కు పతకం ఇచ్చింది 1930లో. ఆ తర్వాత నాలుగేళ్లకే ఆయన చనిపోయాడు.