ఫొటో బరువెంత?

పిల్లలూ! మిర్చి కాలంలో ఎనుమాముల మార్కెట్టు చూశారా? కారం తక్కువగా, ఎరుపు ఎక్కువగా ఉండే చపాటా మిరపకాయ మన వరంగల్ ప్రాంతపు పంటే. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ కాయకు రంగే విలువ. మరి ఆ రంగు ఫొటోలోనూ ఉన్నదున్నట్టు రావాలంటే ఎలాంటి కంప్యూటరు కావాలి?

ఈ ప్రశ్న ఊరికే అడగడం లేదు. నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి మార్కెట్టు రోడ్డులో ఫొటో స్టూడియో పెడుతున్నాడు. పెళ్ళి ఆల్బములు, విత్తనాల దుకాణాల పోస్టర్లు చేస్తాడట. వాళ్ళమ్మ చీటీ ఎత్తి 45 వేల రూపాయలు చేతిలో పెట్టింది. "ఇది కొనమంటారా సార్?" అంటూ ఒక దుకాణంవాళ్ళు రాసిచ్చిన కాగితం చూపించాడు. అందులో ఆటలకు పనికొచ్చే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు, రంగుదీపాలు వెలిగే క్యాబినెట్, 8 గిగాబైట్ల ర్యామ్, హార్డ్ డిస్క్, అన్నిటికన్నా చవకైన మానిటరు ఉన్నాయి. బేరం మంచిదేనా? పలకా బలపం తీయండి, లెక్క వేద్దాం.

ఫొటో అంటే చుక్కల ముగ్గు. ఆ అబ్బాయి కెమెరా తీసే ఫొటోలో అడ్డంగా 6000, నిలువుగా 4000 చుక్కలుంటాయి. మొత్తం 2 కోట్ల 40 లక్షలు! ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో చెప్పే మూడు అంకెలు కావాలి. అంకెకు ఒక బైటు చొప్పున 7 కోట్ల 20 లక్షల బైట్లు, అంటే 72 మెగాబైట్లు.

"కెమెరా కార్డులో అదే ఫొటో పది మెగాబైట్లు కూడా లేదే!" అంటారేమో. జిన్నింగు మిల్లులో దూదిని నొక్కి బేలు కట్టడం చూశారు కదా, అదీ అలాంటిదే. నూలు తీయాలంటే బేలు విప్పక తప్పదు. ఫొటోను దిద్దాలన్నా ర్యామ్‌లో పూర్తిగా విప్పి పరచాలి. నాణ్యమైన పనికి అంకెకు రెండు బైట్లు వాడతారు. అప్పుడు 144 మెగాబైట్లు. ఆల్బము పేజీకి అలాంటి పది పొరలు పేర్చితే 1440. చేసిన మార్పు వద్దనుకుంటే వెనక్కి పోవడానికి పాత రూపాలూ దాచాలి. ఇక విండోస్ తన వాటా తాను తీసుకోనే తీసుకుంటుంది.

8 గిగాబైట్లు నిండగానే కంప్యూటరు మిగిలింది డిస్కు మీద రాసుకోవడం మొదలుపెడుతుంది. హార్డ్ డిస్కులో పళ్ళెం తిరగాలి, రాసే ముల్లు చోటు వెతుక్కోవాలి. పనంతా నత్తనడకే. ఎస్‌ఎస్‌డిలో కదిలే భాగమే లేదు. కాబట్టి 16 గిగాబైట్ల ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డి ముందు కావలసినవి. పాత పెళ్ళిళ్ళ ఫొటోలు దాచడానికి హార్డ్ డిస్క్ చాలు. అయితే రెండో ప్రతి మరో డిస్కులో ఉండాల్సిందే. డిస్కు పాడైందని ఎవరూ మళ్ళీ తాళి కట్టరు కదా!

కత్తిరించడానికి, వెలుగు దిద్దడానికి ప్రాసెసరులోనే ఉండే గ్రాఫిక్స్ సరిపోతుంది. విడిగా కార్డు ఎప్పుడైనా తగిలించుకోవచ్చు. డెస్క్‌టాపు కొనడంలో ఉన్న సుఖం అదే.

అసలు మోసపోయేది మానిటరు దగ్గర. చవక రకం తెర మీద ముఖం ఫొటో పెట్టి, మీ తల పైకీ కిందికీ కదిపి చూడండి. రంగు మారుతుంది! అలాంటి తెర ఎరుపును వెలవెలబోయినట్టు చూపిస్తే, పాపం, ఫొటోగ్రాఫరు ఎరుపు పెంచుతాడు. అచ్చయ్యాక చూస్తే పెళ్ళికూతురి బుగ్గలు మిరపకాయలే! ఐపిఎస్ రకం తెరలో ఈ తేడా చాలా తక్కువ. 1996లో ఏర్పడిన ఎస్‌ఆర్‌జిబి అనే రంగుల ప్రమాణాన్ని దాదాపు 100 శాతం చూపే తెర అయితే మరీ మంచిది. కిటికీ వెలుగు తెర మీద పడకుండా చూసుకోవాలి.

చివరకు మేమిద్దరం కలిసి ఆ కాగితంలో కార్డు, దీపాలు కొట్టేశాం. ఆ డబ్బు ర్యామ్‌కు, ఎస్‌ఎస్‌డికి, మంచి తెరకు మళ్ళింది. ఫొటోలు దిద్దడానికి గింప్ ఉచితంగా దొరుకుతుంది. మిగిలినదాంతో చిన్న యూపీఎస్ కూడా వచ్చింది. ఎండాకాలం పెళ్ళిళ్ళూ కరెంటు కోతలూ కలిసే వస్తాయి మరి.